తప్పు మీది, రుజువు మాదా?

జవాను సైన్యంలో చేరిన రోజు నుంచి బయటికొచ్చే రోజు దాకా అతని గురించి ప్రతి అక్షరమూ రాసేది సైన్యమే. సెలవు పెట్టినా, పెళ్లయినా, బిడ్డ పుట్టినా, ర్యాంకు పెరిగినా పార్ట్ టూ ఆర్డరు వేసేది యూనిట్టు. ఆ కాగితాలన్నీ దాచేది రికార్డ్స్ ఆఫీసు. వాటిని చూసి పింఛను కట్టేది రక్షణ శాఖ లెక్కల విభాగం. ఈ మొత్తం వ్యవహారంలో జవాను చేతికి కలం వచ్చేది సంతకం పెట్టడానికే. అలాంటిది, పాతికేళ్ల తర్వాత రికార్డులో ర్యాంకు తప్పు పడిందని బయటపడితే రుజువులు తెమ్మని అడిగేది ఎవరిని? డెబ్భై దాటి, మోకాళ్లు అరిగి, చూపు మందగించిన ఆ ముసలాయన్ని. ఇంతకంటే సిగ్గులేని దబాయింపు నాకు తెలిసినంతలో మరొకటి లేదు.

ర్యాంకుదేముంది, పేరు ముందు రెండక్షరాలే కదా అనుకునేవాళ్లకు కాస్త లెక్క చెప్పాలి. 2015 నవంబరు 7న ప్రకటించి 2014 జూలై 1 నుంచి వర్తింపజేసిన ‘ఒకే ర్యాంకు ఒకే పెన్షన్’ అంతా పట్టికల మీద నడుస్తుంది. ర్యాంకు, గ్రూపు, సర్వీసు ఏళ్లు, ఈ మూడూ చూసుకుని పట్టికలో ఒక గడి దగ్గర వేలు పెడితే అక్కడున్న అంకె మీ పింఛను. హవల్దారు వరుసలో వేలు పడిందా, నాయబ్ సుబేదార్ వరుసలో పడిందా అన్నదే తేడా. 2019 నుంచి వర్తించేలా ఒకసారి, 2024 నుంచి వర్తించేలా ఇంకోసారి సవరించారు. తప్పు గడిలో ఉన్నవాడికి సవరణ జరిగిన ప్రతిసారీ తప్పు అంకే మరికాస్త పెరిగి వచ్చింది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కింద ఆసుపత్రిలో పడుకోవాల్సి వస్తే హవల్దారుకు జనరల్ వార్డు, నాయబ్ సుబేదారుకు సెమీ ప్రైవేటు గది. ఆయన పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ కూడా ఆ ర్యాంకును బట్టే. అంటే గుమాస్తా చేసిన పొరపాటు ఆయనతో పాటు కాటికి పోదు, ఆవిడకు వారసత్వంగా దక్కుతుంది.

ఈ తప్పులు ఆకాశం నుంచి ఊడిపడవు. ఎక్కడ పుడతాయో ఏ రికార్డ్స్ ఆఫీసులోనైనా పాత క్లర్కును అడిగితే చెబుతాడు. పింఛను ఉత్తర్వు, అంటే పీపీఓ, మనిషి రిటైర్ కాకముందే తయారవుతుంది. బాగా సర్వీసు చేసిన హవల్దారుకు గౌరవ నాయబ్ సుబేదార్ హోదా ఆ తర్వాత వస్తే, వెనకాలే సవరణ పీపీఓ వెళ్లాలి. వెళ్తే సరే. వెళ్లకపోతే ఆయన కాగితం మీద జీవితాంతం హవల్దారే. ఇంకో చిక్కు ఎంఏసీపీ అనే జీతం పెంపు పథకం. ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగేళ్ల సర్వీసుకు జీతం పై మెట్టు ఎక్కుతుంది గానీ భుజం మీద మాత్రం అవే మూడు ఫీతీలు. నాయబ్ సుబేదార్ జీతం తీసుకున్న హవల్దారును కంప్యూటరు ఏమని రాసుకోవాలి? ఒక చోట అలా, ఒక చోట ఇలా రాసుకుంది. హవల్దారుగా పింఛనుకొచ్చి డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్లీ సిపాయిగా చేరినవాళ్లది మరీ అన్యాయం. ఒకే మనిషి, రెండు సర్వీసులు, రెండు పీపీఓలు, రెండు ర్యాంకులు. బ్యాంకుల దగ్గరా ఆఫీసుల దగ్గరా ఉన్న ఇలాంటి పాత వివరాలన్నింటినీ 2021 నుంచి స్పర్శ్ అనే ఒక్క పోర్టల్లోకి తెచ్చిపోశారు. ముప్ఫై లక్షలకు పైబడిన పింఛనుదారుల లెక్క ఒక్క చోటికి చేరడం మంచిదే, నేను కాదనను. కానీ పాత ఇంట్లో చెదలు పట్టిన బీరువాను అలాగే మోసుకెళ్లి కొత్త ఇంట్లో పెడితే చెదలు ఎక్కడికి పోతాయి?

మా ఊళ్లో ఒక బాబాయి ఉన్నాడు. వరసకు బాబాయి. పేరు, రెజిమెంటు రాయను, ఆయన వద్దన్నాడు. ఇంట్లో మంచం కింద నల్ల ట్రంకుపెట్టె ఉంటుంది, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. అందులో ఖాకీ గుడ్డ సంచి, సంచిలో డిశ్చార్జి బుక్కు, బుక్కులో నాలుగు మడతలు వేసిన ఉత్తర్వు. గౌరవ నాయబ్ సుబేదార్ హోదా ఇస్తూ ఆయన రికార్డ్స్ ఆఫీసు పంపిన ఉత్తర్వే అది. కింద గుండ్రటి సీలు, పచ్చ సిరాతో సంతకం. మడతల దగ్గర చిరిగితే లోపలి వైపు నుంచి సెల్లోటేపు అంటించాడు. పీపీఓలో మాత్రం హవల్దారు అనే ఉంది. ఆ సంగతి ఆయనకు చాలా కాలం తెలియదు. నెలనెలా బ్యాంకులో పడింది తీసుకున్నాడు. తోటివాడికి తనకంటే ఎక్కువ వస్తోందని ఒక పెళ్లిలో భోజనాల దగ్గర బయటపడింది.

అర్జీ పెట్టాడు. జవాబొచ్చింది. కవరు మీద ‘మాజీ హవల్దారు’ అనే ఉంది. గౌరవ ర్యాంకు ఉత్తర్వు నకలును గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించి పంపమన్నారు. బాబాయి ఆ ఉత్తరం నా చేతికిచ్చి అన్నాడు: “వాళ్లు నాకిచ్చిన కాగితం మీద వాళ్ల సీలు నిజమేనని ఇక్కడ మన ఎమ్మార్వో చెప్పాలంట్రా అబ్బాయ్. ఆయన పుట్టకముందు వేసిన సీలు అది.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ధ్రువీకరించి పంపాం. ఆ తర్వాత పిన్ని ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, పీపీఓలో ఇంకో రకంగా ఉందన్నారు. ర్యాంకు సంగతి అడిగితే ఇంటిపేరుకు తిప్పారు. అది సరిచేయించే లోపు ర్యాంకు ఫైలు ‘పరిశీలనలో’ పడింది. ఇది రాస్తున్న నాటికి అక్కడే ఉంది. తప్పు ఎవరు రాశారని ఏ ఉత్తరంలోనూ ఒక్క వాక్యం లేదు. పొరపాటుకు విచారిస్తున్నామన్న మాట కూడా లేదు. అర్జీదారు అన్నారు, క్లెయిము అన్నారు. తన వస్తువు తనకు తిరిగివ్వమంటే అది క్లెయిము ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఇది ఒక్క బాబాయి బాధ అయితే నేను ఇంత గొంతు చించుకోను. 2009 జూన్ 12న రక్షణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. హవల్దారుకు దక్కిన గౌరవ నాయబ్ సుబేదార్ హోదాను పై ర్యాంకుకు పదోన్నతిగా భావించి ఆ మేరకు పింఛను కట్టాలని. బాగుంది. కానీ 2006 జనవరి 1 తర్వాత రిటైరైనవాళ్లకే అని గీత గీసింది. అదే హోదా, అదే సీలు, అవే మూడు ఫీతీలు. ముందు రిటైరైనందుకు శిక్ష. 2010లో సైనిక దళాల ట్రిబ్యునల్ చండీగఢ్ బెంచి ఆ గీత చెల్లదంది. ప్రభుత్వం ఊరుకుందా? సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అదే ఏడాది డిసెంబరులో తిరస్కరణ తెచ్చుకుంది. అప్పటికైనా అందరికీ వర్తించేలా ఒక సర్క్యులర్ వేసి ఊరుకోవచ్చుగా. వెంటనే వేయలేదు. అలాంటి హవల్దార్లు ఆ తీర్పు నకలు పట్టుకుని ఎవరికి వాళ్లే ట్రిబ్యునల్ మెట్లెక్కారు. ఒక్కొక్కరి మీదా ప్రభుత్వ న్యాయవాది లేచి నిలబడి అవే అభ్యంతరాలు చదివాడు. ఓడిన కేసునే మళ్లీ మళ్లీ వాదించడానికి మన దగ్గర ఫీజులు దొరికాయి, గెలిచిన ముసలివాడికి ఇవ్వడానికి మాత్రం ఉత్తర్వు దొరకలేదు.

ట్రిబ్యునల్ ఉందిగా అంటారు. ఉంది. తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచి పరిధిలో ఉన్నాయి. ట్రిబ్యునల్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లో వెళ్లాలి, ఆలస్యమైతే కారణం చెప్పి క్షమించమని వేడుకోవాలి. పీపీఓలో తప్పు పడిందని పల్లెటూరి హవల్దారుకు ఏ నెలలో తెలియాలి? బ్యాంకు పాస్‌బుక్కులో ర్యాంకు రాసుంటుందా?

సుప్రీంకోర్టు కాస్త దయ చూపింది, నిజమే. పింఛను తక్కువ రావడం నెలనెలా సాగే అన్యాయం కాబట్టి ఆలస్యమైందని తలుపు మూయకూడదంది. అది 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు. 1983లో వైద్య కారణాల మీద సైన్యం ఇంటికి పంపిన జవాను 1999లో హైకోర్టుకు వెళ్లాడు. హక్కు ఒప్పుకున్నారు. బకాయి మాత్రం పిటిషను వేయడానికి ముందు మూడేళ్లకే అన్నారు. ఆ ముందు ఏళ్లవి పోయినట్టే. ఈ లెక్కన ప్రభుత్వం ఎంత ఆలస్యం చేస్తే అంత లాభం. తప్పు బయటపడకుండా ఇరవై ఏళ్లు గడిస్తే పదిహేడేళ్ల డబ్బు ఖజానాలో మిగులుతుంది. దీన్ని మించిన వడ్డీ వ్యాపారం ఉందా?

అదే పొరపాటున ఎక్కువ ఇచ్చారనుకోండి, అప్పుడు ఈ మతిమరుపు ఉండదు. ఎన్నేళ్ల వెనక్కైనా తవ్వుతారు. రిటైరైనవాళ్ల దగ్గర, కింది స్థాయి ఉద్యోగుల దగ్గర అలా తిరిగి గుంజుకోవద్దని 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఎంత గుంజుకుని ఉంటారో ఊహించండి.

ఇక రుజువుల గొడవలో అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఒకటుంది. పింఛనుకు అర్హత లేకుండా బయటికొచ్చినవాళ్ల సర్వీసు పత్రాలను పాతికేళ్ల తర్వాత ధ్వంసం చేయొచ్చని ఆర్మీ రెగ్యులేషన్స్ 595వ పేరా చెబుతుంది. అలా పత్రాలు తగలబెట్టేశాక ఎవరైనా తనకు రావాల్సినది అడిగితే, రికార్డుల్లేవు కాబట్టి నిర్ధారించలేమని జవాబు. కాల్చింది మీరు, బూడిదను బలపరిచే సాక్ష్యం అతను తేవాలి. ట్రిబ్యునల్ బెంచీల ముందు ఈ వాదన నిలువెత్తున నిలబెట్టే ధైర్యం ఎవరిస్తారో తెలియదు.

ఆఫీసుల వైపు నుంచీ ఒక మాట ఉంది, వినకుండా తోసెయ్యను. పై ర్యాంకు చెప్పుకుని తిరిగేవాళ్లు లేరా అంటారు. ఉన్నారు. గౌరవ కెప్టెన్‌గా వచ్చినాయన పెళ్లి కార్డులో ‘గౌరవ’ ఎగిరిపోయి కెప్టెన్ మిగలడం మన జిల్లాల్లో ఎన్నిసార్లు చూశాం! ఫీతీకి తగ్గ జీతం లేని లాన్స్ నాయక్‌లు ఊళ్లో నాయక్‌లైపోయారు, నాయక్‌లు హవల్దారులైపోయారు. పాతికేళ్లు మంచు కొండల్లో నిలబడినవాడు ఊళ్లో ఒక మెట్టు ఎక్కువ చెప్పుకుంటే నాకేమీ నొప్పి లేదు గానీ, ఖజానా అలా ఊరుకోకూడదు, ఒప్పుకుంటాను. సరిచూడాల్సిందే. ఎక్కడ సరిచూడాలన్నదే ప్రశ్న. ఆయన సర్వీసు రాసుకున్న లాంగ్ రోల్ మీ దగ్గరే ఉంది. షీట్ రోల్ మీ దగ్గరే ఉంది. గౌరవ హోదా ఉత్తర్వు ఆఫీసు కాపీ మీ దగ్గరే ఉండాలి. అవి తిరగేసి ఆయన చెప్పింది అబద్ధమని మీరు చూపించండి. చూపించలేకపోతే ఆయన దగ్గరున్న కాగితమే నిజం. సీలు మీది కాబట్టి.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఢిల్లీలో ధర్నా అక్కర్లేదు. డిశ్చార్జి బుక్కులో ఒక ర్యాంకు, పీపీఓలో ఇంకొకటి ఉన్న ప్రతి కేసునూ రికార్డ్స్ ఆఫీసులే తమంతట తాము వెతికి పట్టాలి. రెండు వరుసలు పక్కపక్కన పెట్టి తేడా చూపించడం కంప్యూటరుకు చేతనైన పనే, దానికోసమే అన్ని కోట్లు పోసి పోర్టల్ కట్టారు. ఫైలు తేలేదాకా ఆసుపత్రిలో పై ర్యాంకు గది ఇవ్వాలి. ఇచ్చినందువల్ల దేశం దివాలా తీయదు.

బకాయిని మూడేళ్లకే కుదించే విషయంలో రక్షణ శాఖ కోర్టు చాటున దాక్కోవడం ఆపాలి. ఆలస్యంగా వచ్చినవాడికి ఎంతవరకు ఇప్పించాలన్నది కోర్టు తేల్చుకున్న హద్దు. తానే తప్పు చేసిన ప్రభుత్వం తప్పు జరిగిన మొదటి నెల నుంచి, వడ్డీతో, తనంతట తాను చెల్లిస్తే వద్దనే తీర్పు ఏదీ నాకు తెలిసి లేదు. సంతకం పెట్టడానికి ఒక అధికారి చాలు. బాబాయి ఫైలు మీద కావాల్సింది కూడా ఆ ఒక్క సంతకమే.