విదేశ విద్యార్థినికి వాటా నియ్యవచ్చునా?



పోయిన మాసమున మా వీథిలోని యొక యిల్లాలు నన్ను పిలిచి, "అక్కయ్యగారూ, మా మేడమీది వాటా ఖాళీగా నున్నది. సూడాను దేశపు పిల్ల యొకతె వచ్చి యడిగి పోయినది. ఉస్మానియా విశ్వవిద్యాలయములో పరిశోధన చేయుటకు వచ్చినదట. పిల్ల నెమ్మదిగానే యున్నది గాని, మా ఆడబిడ్డ వలదనుచున్నది. మావారు ఏమియు ననరు. నన్నేమి చేయుమందురు?" అని యడిగెను. గుమ్మములో నిలువబడి చెప్పదగిన సమాధానము కాదది. నల్లకుంటలోను, విద్యానగరములోను, అడిక్‌మెట్టులోను ఇట్టి ప్రశ్న పెక్కుమంది గృహిణులకు కలుగుచున్నదని యెరుగుదును గనుక, ఈ నెల దానినే విచారింతము.

మొదట ఆ పిల్ల యెచ్చటికి వచ్చినదో తెలిసికొనుట మంచిది. మనకు రమారమి రెండు మైళ్ల దూరములో నున్న ఆ విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. 1919లో తరగతు లారంభమగునప్పటికి దానికి స్వంత యిల్లు లేదు. బషీర్‌బాగు ప్రాంతమున తాత్కాలిక భవనములలో కాలము గడపెను. అడిక్‌మెట్టు మిట్టమీద ఆర్ట్సు కళాశాలకు 1934లో పునాదిరాయి పడినది. 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. ఆ భవనమునకు నమూనా గీయించుటకు ముందు ఇద్దరు నిపుణులను దేశదేశముల విశ్వవిద్యాలయములను చూచి రమ్మని నిజాము ప్రభుత్వము పంపెను. తుదకు దానిని రూపొందించినవాడు జాస్పరను బెల్జియము దేశస్థుడు. మనము మన యూరి సొత్తని గర్వించు ఆ గులాబి రంగు రాతికట్టడము పుట్టుకలోనే పరదేశపు పాలు కలదు.

అచ్చటికి సూడాను, సోమాలియా, యెమను, ఇరాకు, ఆఫ్ఘనిస్థానము మొదలగు దేశములనుండి విద్యార్థులు వచ్చుచున్నారు. కొందరు 1950లో స్థాపింపబడిన భారతీయ సాంస్కృతిక సంబంధముల మండలి యిచ్చు వేతనముపై చదువుదురు. తక్కినవారు తలిదండ్రుల సొమ్ముతో చదువుదురు. మన పిల్లలు కట్టు జీతమునకంటె వారు కట్టునది ఎక్కువ. వసతిగృహములలో చోటు అందరికిని దొరకదు. దొరికినను, సంవత్సరముల తరబడి గ్రంథము వ్రాయవలసిన పిల్లకు తన తలుపు తాను వేసికొనగల గది కావలసియుండును. బి.ఏ. చదువువలె నది పరీక్షలు వ్రాసి ముగించునది కాదు. పర్యవేక్షించు ఆచార్యునకు అధ్యాయమొకటి చూపుట, ఆయన దిద్దినది మరల వ్రాయుట, పుస్తకములకై గ్రంథాలయములో దినములు గడపుట, ఇట్లు మూడు నాలుగేండ్లు సాగును. అద్దెకుండువారు ఏడాదికొకమారు మారుచున్నారని విసుగుకొను గృహిణులకు ఇది సంతోషింపదగిన సంగతియే గదా!

ఇక ఆడబిడ్డగారి యభ్యంతరము. "పరాయిదేశపువారు మనకేల?" అని ఆమె యన్నదట. ఆ మాట విన్నప్పుడు నాకు మన చరిత్రయే జ్ఞాపకమునకు వచ్చినది. ఉస్మానియాలో ఉర్దూ బోధనభాషగా నున్న కాలమున తెలుగుబిడ్డ తన యూరిలోనే పరాయిది. 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో తెలుగు బాలికలకు పాఠశాల పెట్టినప్పుడు, బోధన తెలుగులో జరుగుచున్నదను కారణముచేత ఇచ్చటి గుర్తింపు దొరకలేదు. తుదకు మహారాష్ట్రమున కర్వే పండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కలుపుకొనవలసి వచ్చెను. నారాయణగూడ పిల్ల చదువునకు మరాఠీవారు గుర్తింపు నిచ్చిరన్నమాట. 1938లో వందేమాతరము పాడినందుకు వందలకొలది విద్యార్థులను ఉస్మానియానుండి వెళ్లగొట్టినప్పుడు, నిజాము రాజ్యమునకు వెలుపలనున్న నాగపురపు విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొనెను. తరువాత 1991లో ప్రధానమంత్రియైన పి. వి. నరసింహారావుగారు అట్లు నాగపురము పోయినవారిలో నొకరు. ఆ యూరివారెవ్వరును "హైదరాబాదు కుర్రవాండ్రు మనకేల?" అని తలుపులు మూసికొనియున్నచో వారి చదువు లేమైయుండును?

ఆడుపిల్ల విషయము వేరందురా? అదియు చూతము. హైదరాబాదులో పుట్టిన సరోజినీదేవి 1895లో, పదునారేండ్ల ప్రాయమున, నిజాము ప్రభువిచ్చిన వేతనముతో ఓడ యెక్కి యింగ్లండు పోయెను. లండనులో కింగ్సు కళాశాలయందును, పిమ్మట కేంబ్రిడ్జిలో గిర్టను కళాశాలయందును చదివెను. తాను కోరిన వివాహమును వాయిదా వేయించుటకు తలిదండ్రులామెను దూరదేశమునకు పంపిరని జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. ఆ ఉపాయము ఫలింపలేదు. 1898లో తిరిగివచ్చి, ఆ యేటనే గోవిందరాజులు నాయుడుగారిని మద్రాసులో పెండ్లాడి తెలుగింటి కోడలైనది. ఆ పెండ్లి జరిపించినది వీరేశలింగము పంతులుగారు. నేను ముఖ్యముగా చెప్పదలచినది మరియొకటి. ఆ కాలమున కేంబ్రిడ్జిలో స్త్రీలు తరగతులలో కూర్చుండవచ్చును, పరీక్షలు వ్రాయవచ్చును, పట్టము మాత్రము పొందరాదు. ఆ యధికారము స్త్రీలకు 1948లో గాని దక్కలేదు. ఇంగ్లీషు పిల్లలకే పూర్తిగా తెరువని ఆ తలుపుకడ మన హైదరాబాదు పిల్ల ఏమని నిలిచెనో, ఎవరి యింట నే చలిరాత్రి గడపెనో తలచుకొన్నచో, మేడ యెక్కి వాటా నడుగ వచ్చిన పిల్ల అంత యపరిచితురాలుగా తోచదు.

చరిత్రతో అద్దె వసూలు కాదని మీరనవచ్చును. సరియే, ఇంటి సంగతులకు వత్తము.

అన్నిటికంటె ముఖ్యమైనది కాగితము. ఇచ్చట నా మాట గట్టిగా వినుడు. నూటయెనుబది దినములకు మించిన అనుమతితో వచ్చిన విదేశ విద్యార్థి, వచ్చిన 14 దినములలో విదేశీయుల నమోదు కార్యాలయమున పేరు వ్రాయించుకొనవలయును. అందుకు తాను నివసించు చోటునకు నిదర్శనము చూపవలయును. ఆ నిదర్శనము ఇంటివారు వ్రాసియిచ్చు అద్దెపత్రమే. అదిగాక, విదేశీయునికి బస యిచ్చిన గృహస్థుడును ఆ సంగతిని 24 గంటలలో అధికారులకు తెలుపవలయునని నిబంధన కలదు. ఠాణా మెట్లెక్కవలసిన పని లేదు. అంతర్జాలములో ఆ పత్రము నింపి పంపవచ్చును, ఇంటిలోని కుమార్తెయో మనుమడో ఒక పూటలో చేయగల పని. మన పేటలో కొందరు గృహస్థులు అద్దెపత్రము వ్రాయుటకు ఇష్టపడరు. నోటిమాటతో బేరము, చేతిలో రొక్కము, రశీదు లేదు. మన యూరి పిల్లయైనచో దానివలన పెద్దగా నష్టపోదు. పరదేశపు పిల్లయైనచో ఆ కాగితము లేనిదే నమోదు జరుగదు. నమోదు లేనిచో అపరాధ రుసుము, అనుమతి పొడిగింపునకు చిక్కులు, ఒక్కొకప్పుడు చదువునకే ముప్పు. వాటా యిచ్చి పత్రము నిరాకరించుట కంటె, వాటా లేదని మొదటనే చెప్పుట మేలు. పత్రమిత్తునని మాట యిచ్చి పదునాల్గవ దినము వరకు రేపు మాపని త్రిప్పు గృహస్థులను నేనెరుగుదును. వారు దాని పర్యవసానము నెరుగరు.

తరువాత అద్దె. పదివేలకు మనవారికిచ్చు వాటాను విదేశీయుడనగానే పదునైదు వేలనుట మన పేటలో కొందరికి వాడుకయైనది. "వారికి డాలర్లు వచ్చును గదా" అందురు. సూడాను పిల్లకు డాలర్లు కురియుచున్నవని వీరికెవరు చెప్పిరో! విద్యార్థి అనుమతిపై వచ్చిన పిల్ల మన దేశములో ఉద్యోగము చేయరాదు. మన పిల్లలు ట్యూషను చెప్పియో, దుకాణములో లెక్కలు వ్రాసియో నాలుగు రూకలు గడింతురు; ఆమెకు ఆ దారియు లేదు. ఇంటినుండి వచ్చు సొమ్మే యాధారము. 2023 ఏప్రిలు 15వ తేదీన సూడానులో సైన్యమునకును, మరియొక సాయుధదళమునకును ఖార్తూము నగరమునందే యుద్ధము మొదలైనది. బ్యాంకులు మూతపడినవి, లక్షలాది కుటుంబములు ఇండ్లు విడిచి చెదరిపోయినవి. చదువుకొరకు పిల్లలను దూరదేశములకు పంపిన తలిదండ్రులలో ఎందరికో సొమ్ము పంపు దారి లేకపోయినది. అట్టి పిల్లను "ఒకటవ తేదీకి అద్దె లేనిచో సామాను బయట పెట్టుదును" అనుట న్యాయమా? అట్లని గృహిణి తన సంసారమును పస్తుంచి ధర్మము చేయవలెనని నేననను. పింఛనుపై బ్రదుకు వారికి ఆ మేడ యద్దెయే మందులకును, పాలకును ఆధారము కావచ్చును. కావున ఈ మాటయు ముందే వ్రాసికొనుడు: సొమ్ము రాక ఆలస్యమైనచో ఎన్ని నెలలు ఓర్చుకొందురో, బయానాలో ఎంత మినహాయించుకొందురో, అటుపిమ్మట ఏమి చేయవలయునో. ముఖము చూచి చెప్పలేని మాటలను కాగితము సులువుగా చెప్పును. విశ్వవిద్యాలయములో విదేశ విద్యార్థుల వ్యవహారములు చూచు కార్యాలయము ప్రత్యేకముగా నున్నది. ఆ చిరునామాయు, పర్యవేక్షించు ఆచార్యుని పేరును మీ కడ నుంచుకొనుడు.

భోజనము మాట దాచిపెట్టి ప్రయోజనము లేదు. శంకరమఠము చుట్టుపట్ల నున్న యిండ్లలో పెక్కింట మాంసము వండనీయరు. అది వారి యాచారము, నేను తప్పు పట్టను. అయితే వచ్చిన దినమే స్పష్టముగా చెప్పవలయును. పిల్ల చేరి బియ్యమూ ఉప్పూ సర్దుకొన్న పిమ్మట మూకుడు వాసన చూచి కేకలు వేయుట మర్యాద కాదు. వండనీయని యింట నేనుండలేనని ఆ పిల్ల యనినచో అదియు ఆమె స్వాతంత్ర్యమే. మరియొక వాటా చూచుకొనును.

వారి వంట యనగా మాంసమొక్కటే యనుకొనుటయు మన యజ్ఞానమే. సూడాను స్త్రీలు జొన్నపిండిని నీటిలో కలిపి పులియబెట్టి, కాలిన పెనముపై పలుచగా పరచి యట్లవలె తీయుదురు. దానికి కిస్రా యని పేరు. దానితో తిను పులుసు చిక్కబడుటకు ఎండబెట్టి దంచిన బెండకాయపొడి వేయుదురు. పిండి పులియబెట్టుటలోని కష్టసుఖములు తెలియని తెలుగు స్త్రీ కలదా? చలికాలమున పిండి పొంగలేదని ఆ పిల్ల దిగాలుగా కూర్చున్నచో, గిన్నెను ఎచ్చట పెట్టవలెనో మీరే చెప్పగలరు. ఇంకొక విశేషము: జొన్న మొట్టమొదట సేద్యమైనది తూర్పు సూడాను ప్రాంతమున నని పురావస్తు పరిశోధకులు కనుగొనిరి. మన తెలంగాణపు పల్లెలలో తరతరములుగా రొట్టె చేసికొని తిను ధాన్యమునకు పుట్టినిల్లు ఆ పిల్ల దేశమే. ఆడబిడ్డగారికి ఈ సంగతి తప్పక చెప్పుడు.

ఒంటి రంగును గూర్చియు ఒక మాట. పెద్దలెవ్వరును పైకి అనరు. చిన్నపిల్లలు మాత్రము వీథిలో ఆ విద్యార్థినుల వెంటబడి నవ్వుట నేను కన్నులార చూచితిని. పిల్లల కా నవ్వు ఎవరి ముఖములనుండి అబ్బినదో వేరుగ చెప్ప నక్కరలేదు. నల్లనివాడని శ్రీకృష్ణుని జోలపాటలలో ముద్దు చేయుదుము. పెండ్లిచూపులలో మన పిల్లయే చామనచాయయైన కట్నము పెంచుదుము. ఈ జబ్బునకు మందు ఇంటిలోని తల్లియే వేయవలయును. కూరగాయల బజారులో మీరు ఆ పిల్లను పలుకరించి నడచినచో మీ బిడ్డలు మరునాటినుండి నవ్వరు.

భాష రాదని భయపడకుడు. ఇంగ్లీషు కొంత, సైగ కొంత, తక్కినది మనకు తెలియకయే వచ్చును. జవాబు, తారీఖు, హాజరు, దుకాణము అని మనము దినమంతయు పలుకు మాటలు అరబ్బీనుండి వచ్చినవే. అరబ్బీ మాటలాడు పిల్ల వానిని చెవి మోపగానే పోల్చుకొనును. తమకంటె పెద్దయైన స్త్రీని వారు "ఖాల్తీ" అని పిలుతురు. తల్లి తోబుట్టువని దాని యర్థము. మన పిన్నికిని, పెద్దమ్మకును ఆ యొక్క పిలుపే.

ఇప్పుడు మా వీథి యిల్లాలికి నా సమాధానము. అమ్మా, వాటా నీయవచ్చును. మనవారికి చెప్పు అద్దెయే ఆమెకును చెప్పుడు. పదునొకండు నెలలకు పత్రము వ్రాయించి, దానిలో వంట నియమమును, బయానా మాటను, రాత్రి వీథితలుపు మూయు వేళను చేర్పుడు. గ్రంథాలయమునుండి ఆలస్యముగా వచ్చు దినములుండును గనుక ఒక తాళపుచెవి ఆమెకే యిచ్చుట మంచిది. ఆమె అనుమతిపత్రమునకును, విశ్వవిద్యాలయపు ప్రవేశపత్రమునకును నకళ్లు తీసి మీ సందుగలో నుంచుకొనుడు. ఆమె సామాను దించిన దినముననే, మరునాటికి జరుపక, అధికారులకు పంపవలసిన పత్రము నింపించుడు. మీవారు ఏమియు ననరని చెప్పితిరి గదా; అద్దెపత్రముపై సంతకము మాత్రము వారిచేత చేయింపక తప్పదు, ఇల్లు వారి పేరనే యున్నది.