మఱపునకు తోడైన యంత్రము

కోనసీమలోని దిండి వంటి పల్లెలో వాకిలి దాటిన కాలువగట్టు, అదియు దాటిన వశిష్ఠా గోదావరి. ఇంటిత్రోవ మఱచిన వృద్ధునకు ఇచట ప్రతి యడుగును గండమే. దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, డిమెన్షియా యను మఱపువ్యాధికి లోనైరని 2023లో వెలువడిన అధ్యయనము అంచనా వేసినది. బిడ్డలు గల్ఫునకో హైదరాబాదునకో తరలిన కోనసీమలో అట్టి వృద్ధుల సంరక్షణభారము క్రమముగా వృద్ధాశ్రమములపై బడుచున్నది. జపానువారి పారో యను సీలు బొమ్మ వలె వృద్ధులను ఓదార్చు యంత్రములు మనకును రావచ్చును గాక. అంతకుముందే, తలుపు తెఱచినంతనే ఆయాను మేల్కొలుపు గంటయు, మంచము దిగి పాదము నేల మోపినంతనే మరుగుదొడ్డి దాక వెలుగు దీపమును, ఉన్నచోటు తెలుపు చేతిపట్టీయు ప్రతి ఆశ్రమమునను ఉండవలెనని నా దృఢాభిప్రాయము. మందువేళను గుర్తుచేయు పరికరము పరాయి గొంతుతో ఆజ్ఞాపించుటకంటె, కూతురు ముందే పలికి యుంచిన “అమ్మా, మాత్ర వేసుకున్నావా?” యను మాటనే వినిపించిన, ఆ తల్లి బెదరక గ్లాసు అందుకొనును. అయితే పట్టీ కట్టుటకు ముందు ఆమె సమ్మతి నడుగవలెను, స్నానగృహమున కెమెరా పెట్టరాదు. యంత్రము వచ్చినదను నెపమున ఆయాలను తగ్గింపజూచు యాజమాన్యమునకు అధికారులు అనుమతి నీయరాదు.