మద్యం మానినవారి సమావేశాల చిరునామా అందరికీ తెలిసేలా చేయాలని కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

మద్యం మానినవారి, మానాలనుకుంటున్నవారి కుటుంబ సభ్యులు సమర్పించుకుంటున్న విన్నపం.

అయ్యా,

మా ఇళ్లలో తాగుడు మానేసిన భర్తలు, కొడుకులు, అన్నదమ్ములు ఉన్నారు. మానాలని ఉండి మానలేకపోతున్నవారూ ఉన్నారు. ఆసుపత్రిలో చేర్చుకుని, వణుకు తగ్గేదాకా చూసి పంపిస్తున్న డాక్టర్లకు, నర్సులకు మేం రుణపడి ఉన్నాం. మా కష్టం గేటు దాటాక మొదలవుతోంది. డిశ్చార్జి చీటీలో రాత్రి వేసుకోవాల్సిన మాత్ర పేరు ఉంటుంది, విటమిన్ బిళ్ల ఉంటుంది, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో ఉంటుంది. సాయంత్రం కూలి డబ్బులు చేతిలో పడ్డాక ఆ మనిషి ఎక్కడికి వెళ్లి కూర్చోవాలో మాత్రం ఉండదు.

కూర్చోవడానికి చోట్లు లేకపోలేదు. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) సంఘం సమావేశాలు హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో ఏళ్లుగా జరుగుతున్నాయి. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో, తాగుడు మానిన బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్ మళ్లీ తాగేస్తానేమోనని భయపడ్డాడు. హోటల్ లాబీలో చర్చిల జాబితా చూసి, తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడించండని ఫోన్లు చేశాడు. అలా కలిసిన డాక్టర్ బాబ్ స్మిత్‌తో కలిసి ఈ సంఘం మొదలుపెట్టాడు. రుసుము లేదు, కులమతాల పట్టింపు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. 1951 నాటికి కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ కూడా ఏర్పడింది. ఈ సమావేశాలు అవసరమైన మనిషికి వాటికి దారి తెలియకపోవడమే మా ఫిర్యాదు.

అడిగితే ‘ఇదివరకు ఫలానా చర్చి వెనక గదిలో జరిగేది’ అంటారు. వెళితే తాళం. ఎవరో ఇచ్చిన ఫోన్ నంబరు మోగదు. టీ కొట్టు దగ్గర అడుగుదామంటే నోరు పెగలదు, అడిగిన మాట తెల్లారేసరికి వీధంతా పాకుతుంది. అలా తిరిగే దారిలోనే వైన్‌షాపు ఉంటుంది, దాని బోర్డు దూరానికే కనిపిస్తుంది. మానాలని బయల్దేరిన మనిషి ఆ బోర్డు కింద ఆగిపోయిన సాయంత్రాలు మా ఇళ్లలో అందరికీ గుర్తున్నాయి.

సభ్యుల పేర్లు బయటపెట్టకపోవడం ఈ సంఘం నియమం. అది ఉండాల్సిందే. ఉద్యోగం పోతుందని, బిడ్డకు సంబంధం తప్పిపోతుందని భయపడేవాళ్లకు అదే రక్ష. అయితే మనిషి పేరు దాచాలి గానీ, సమావేశం జరిగే చోటు దాచనక్కర్లేదు. ఈ రెంటినీ కలిపేసి అధికారులు ‘అది వాళ్ల సొంత వ్యవహారం’ అని పక్కన పెట్టేస్తున్నారు.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో దాదాపు 5.7 కోట్ల మందికి మద్యం సమస్యలో సాయం కావాలి. మద్యానికి బానిసైనవారిలో ఏదో ఒక వైద్యం అందుతున్నది 38 మందిలో ఒకరికే. మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అస్వస్థతగానే గుర్తించింది, చికిత్సను హక్కు చేసింది. ఆ హక్కు డిశ్చార్జి చీటీతో ముగిసిపోకూడదని మా మనవి.

మేం నిధులు అడగడం లేదు. ఏఏ బయటి విరాళాలు తీసుకోదు, సభ్యులు వేసుకున్న చందాతోనే నడుస్తుంది. బడి విడిచాక ఖాళీగా ఉండే ఒక గదినో, గ్రంథాలయంలో ఒక హాలునో నామమాత్రపు అద్దెకు, ఆర్టీసీ బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో ఇప్పించండి. రోజు కూలీలకు వీలుగా సాయంత్రం వేళ, తెలుగులో జరిగేలా, ఆఖరి బస్సు అందేలా ఉండాలి. వారం, వేళ, చోటు రాసిన బోర్డు జిల్లా ఆసుపత్రి ఓపీ దగ్గర పెట్టించండి, డిశ్చార్జి చీటీ వెనక అచ్చు వేయించండి. 14416 టెలీ మానస్ (మానసిక ఆరోగ్యం), 14446 (వ్యసన విముక్తి) హెల్ప్‌లైన్‌లలో ఫోన్ ఎత్తేవారి దగ్గర మన జిల్లా జాబితా ఉండాలి. చోటు మారితే ఆ వారంలోనే దిద్దాలి. లోపల ఫొటోలు, హాజరు పట్టీలు, ప్రారంభోత్సవాలు వద్దు. తాగుడు సమస్య ఉన్న ఆడవాళ్లూ ఉన్నారు. ఇంట్లో వాళ్లే గడప దాటనివ్వని వాళ్ల కోసం విడిగా ఒక సమావేశం కావాలి.

ఒక జాగ్రత్త కూడా ఆ బోర్డు మీద రాయించాలి. ఏళ్లుగా రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. ముందు డాక్టరు, ఆ తర్వాత సమావేశం.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే రాష్ట్రమంతా కదిలింది, 1993లో సారా నిషేధం వచ్చింది. నిషేధాలు వచ్చాయి, పోయాయి. మానిన మనిషిని మానినట్టే నిలబెట్టే ఏర్పాటు మాత్రం ఈ జిల్లాలో ఇప్పటికీ లేదు.

మానినవారి పేర్లు ఈ పత్రంలో లేవు. వారి తరఫున మేం సంతకాలు చేశాం. సంక్రాంతి సెలవుల్లో తాగుడు పెరుగుతుంది. ఆలోపు కనీసం ఒక గది, ఒక బోర్డు ఏర్పాటు చేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
మద్యం మానినవారి కుటుంబ సభ్యులు