వాసన మీద సెంటు కొట్టకండి, నీళ్ళ దారి వెతకండి

ఈ రోజు పోస్టు కొంచెం పెద్దది. డ్యూటీ దిగి, తిన్నాక చదవండి.

సోహార్‌లో ఉంటున్న మన టెక్కలి తమ్ముడు మొన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. వాళ్ళ అర్బాబ్ తోటలో మూల పడున్న పాత ల్యాండ్ క్రూయిజర్‌ని సైటుకి తిరగమని వీళ్ళకి ఇచ్చాడంట. బండి గట్టిదే, ఒక్క సెల్ఫుకే లేస్తుంది. కానీ తలుపు తీస్తే చాలు, నానిన గోనెసంచిలో మొహం పెట్టినట్టు వాసన. "అన్నా, ఏ సెంటు కొంటే పోతుంది?" అని అడిగాడు. అక్కడున్నోళ్ళు ఒకడు బఖూర్ పొగ వెయ్యమన్నాడంట, ఒకడు ఫినాయిల్ పొయ్యమన్నాడంట, ఇంకొకడు నిమ్మకాయలు కోసి సీటు కింద పెట్టమన్నాడంట. నిమ్మకాయలు దిష్టికైతే పనికొస్తాయేమో గానీ దీనికి కాదు.

తమ్ముడూ, ఏ సెంటూ కొనకు. ఆ బండిలోకి నీళ్ళు వస్తున్నాయి. ఎక్కడ నుంచి వస్తున్నాయో తేలేదాకా ఒక్క రియాల్ పెట్టినా దండగే.

మేము మెకానిక్కులం కాదు, బిల్డింగు పనోళ్ళం. మా గ్యాంగులో పెద్ద చదువంటే పదో తరగతి. అయితే నీళ్ళ సంగతి మాకు తెలుసు. స్లాబు కింద తడి మచ్చ కనపడితే కొత్తగా వచ్చిన కుర్రోడు సరిగ్గా ఆ మచ్చ మీదే ప్లాస్టరింగ్ చేస్తానంటాడు. నీళ్ళు దిగేది అక్కడ కాదు. పైన ఎక్కడో పారాపెట్ గోడ మూల పగిలుంటుంది, అక్కడ దిగిన నీళ్ళు కడ్డీ వెంబడి పది అడుగులు నడిచి ఇక్కడ కారతాయి. అందుకే పైన నీళ్ళు నిలబెట్టి చూడకుండా లీకు పని మొదలుపెట్టం. బండి కూడా అంతే. కాళ్ళ దగ్గర మ్యాట్ తడిసిందంటే రంధ్రం అక్కడుందని కాదు.

మాకు ఈ తెలివి ఒక బండి నేర్పింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను మన కళింగపట్నం దగ్గర తీరం దాటింది, గుర్తుందా. ఆ రాత్రి ఇళ్ళకి ఫోన్లు కలవక మేము ఇక్కడ నిద్రపోలేదు. అది అక్కడితో పోలేదు. దేశానికి అడ్డం పడి అరేబియా సముద్రంలోకి వచ్చి, షాహీన్ అని కొత్త పేరు పెట్టుకుని, అక్టోబరు 3న ఈ బాతినా తీరం మీదే పడింది. మన ఊరి తుఫాను మన వెనకాలే వీసా తీసుకుని వచ్చిందని క్యాంపులో అనుకున్నాం. ఖబూరాలో ఒక్క రోజులోపే 369 మిల్లీమీటర్లు కురిసింది. ఈ ఎడారి తీరంలో ఏడాదంతా కలిపినా వంద మిల్లీమీటర్లు పడితే గొప్ప. వాదీలు పొంగి ఊళ్ళోకి వచ్చాయి. మా అర్బాబ్ వాళ్ళ నాన్న కొనుక్కున్న ల్యాండ్ క్రూయిజర్, 1980ల నాటి 60 సిరీస్, సీటు మట్టం దాకా బురద నీళ్ళలో ఒక రాత్రి ఉండిపోయింది.

తుక్కుకి అడిగినోళ్ళు ఉన్నారు. పెద్దాయన ఇవ్వనన్నాడు. గ్యారేజీకి పంపారు. వాళ్ళు బాగా కడిగారు, ఎండబెట్టారు, ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూశారు, కొత్త మ్యాట్ వేశారు, ఊదు సెంటు కొట్టి తెచ్చి ఇచ్చారు. పైన పటారం, లోన లొటారం. పది రోజులు అత్తరు కొట్టు లాగా ఉంది. పదకొండో రోజు నుంచి అత్తరు కొట్టులో ఎలుక చచ్చినట్టు ఉంది. అప్పుడు అర్బాబ్ మా దగ్గరకి వచ్చి, "మీరు ఇళ్ళకి లీకులు ఆపుతారు కదా, దీన్ని కూడా చూడండి" అన్నాడు.

నాలుగు శుక్రవారాలు పట్టింది.

మొదటి శుక్రవారం ఊడదీయడమే. సీట్లు తీశాం, మ్యాట్ ఎత్తాం. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంది. దాని కింద చప్పుడు రాకుండా, వేడి ఎక్కకుండా దళసరి ఫెల్టు పరిచి ఉంటుంది, జనపనార దుప్పటి లాంటిది. దాన్ని పిండితే వాదీ బురద కారింది. తుఫాను వెళ్ళి నెల దాటింది అప్పటికి! ఆ ఫెల్టుని కడుగుదాం, బాగుచేద్దాం అని మేమూ ఒక పూట ఆశపడ్డాం. వద్దు. పారేసి కొత్తది వెయ్యండి. బురద పట్టిన ఫెల్టు పైన ఆరుతుంది, లోపల ఆరదు. దాని కింద రేకు తుప్పు పట్టి, డ్రైవరు కాళ్ళ దగ్గర వేలు దూరేంత కన్నాలు పడ్డాయి. వైరు బ్రష్షుతో గీకి, వెల్డింగోడి చేత రేకు ముక్కలు వేయించి, రెడ్ ఆక్సైడ్ కొట్టాం. ఫ్లోరులో కంపెనీ వాళ్ళు పెట్టే రబ్బరు బిరడాలు ఉంటాయి, అవి ఎండి రాలిపోయుంటే అవీ మార్చాలి.

రెండో శుక్రవారం నీళ్ళు పట్టాం. ఇది జాగ్రత్తగా చదవండి, ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. కార్‌వాష్ ప్రెషర్ పైపు వాడకూడదు, అది మంచి రబ్బరులోంచి కూడా దూరిపోతుంది. తోట పైపు చాలు. ఒకడు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఒకడు బయట. నీళ్ళు కింద నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. ముందే పైకప్పు మీద పోస్తే అన్ని చోట్లా తడుస్తుంది, ఏ దారిలో వచ్చిందో తెలీదు. ఒక్కో చోట ఐదు నిమిషాలు ఓపిక పట్టాలి. తలుపు బీడింగ్ పట్టు చూడాలంటే వంద బైసాల నోటు పెట్టి తలుపు వేసి లాగండి. తేలిగ్గా వచ్చేస్తే అక్కడ రబ్బరు చచ్చిపోయినట్టు.

మాకు దొరికినవి చెప్తాం. ముందు అద్దం రబ్బరు ఎండకి అప్పడంలా పెళుసెక్కిపోయింది. దాని మీద పూసిన సిలికాన్ ఇంకా చెడు చేసింది. పైన ఒకచోట దూరిన నీళ్ళు బయటకి పోయే దారి లేక రబ్బరు కిందే నిలబడి రేకుని తినేస్తున్నాయి. అద్దం కింద, బోనెట్ వెనక గాలి జల్లెడ ఉంటుంది కదా, అందులో పడ్డ వాన నీళ్ళు కిందకి పోయే కన్నం ఖర్జూరపు చెత్తతో, ఇసకతో మూసుకుపోయింది. తలుపు ఊపితే లోపల గళగళమంది. తలుపుల అడుగున సన్న కన్నాలు ఉంటాయి, మన రిటైనింగ్ గోడకి వీప్ హోల్స్ వదిలినట్టు. అవి బురదతో పూడిపోయాయి. అద్దం వెంబడి తలుపు లోపలికి నీళ్ళు దిగడం తప్పు కాదు, అవి దిగి పోవాలి. పోనివ్వకపోతేనే లోపలికి వస్తాయి. తలుపు ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు ఉండాలి. ఎవడో రిపేరు చేసి దాన్ని చింపి వదిలేశాడు. ఇందులో ఖర్చయింది అద్దం రబ్బరుకే. మిగతావన్నీ బైండింగ్ వైరు ముక్కతో, ఓపికతో అయిపోయాయి.

అంతా అయిపోయిందనుకున్నాం. మే నెలలో మళ్ళీ పక్క సీటు ముందు మ్యాట్ తడి. చుక్క వాన లేదు. ఎండ దేశంలో బండిలోకి నీళ్ళేంటని అడిగేవాళ్ళకి జవాబు ఇదే. ఏసీ. సముద్రం పక్కన ఈ ఉక్కపోత గాలిని చల్లబరిస్తే నీళ్ళు కారకుండా ఉంటాయా? ఆ నీళ్ళు సన్న గొట్టంలోంచి బండి కిందకి కారిపోవాలి. గొట్టం దుమ్ముతో మూసుకుంటే డ్యాష్‌బోర్డు లోపల నిండి కాళ్ళ మీదకి వస్తాయి. ఏసీ వేసిన కాసేపటికి బండి కింద చుక్కలు పడుతున్నాయో లేదో చూడండి, పడకపోతే అనుమానించండి. ఏసీ వేసిన మొదటి నిమిషంలో తడి మేజోళ్ళ వాసన వచ్చినా అక్కడే చూడాలి. అదే తియ్యటి వాసన వచ్చి, అద్దానికి లోపల జిడ్డు పొర పడుతుంటే అది వేరు, హీటరులోంచి కూలెంట్ కారుతున్నట్టు.

ఇప్పుడు అసలు మేము చెప్పాలనుకున్నదానికి వస్తాం. ఇదంతా చెప్తే మనవాళ్ళు అనే మాట ఒకటే. "మన బండేటి? కంపెనీది. పోతే పోనీ, మనకేటి?"

ఈ మాట మేమూ అన్నాం. ఇదే ఖబూరాలో మమ్మల్ని సైటుకి తీసుకెళ్ళే వ్యాను మూడేళ్ళు అదే వాసన కొట్టింది. అర్బాబ్ బండికి నాలుగు శుక్రవారాలు పెట్టిన మేము, మేము కూర్చునే బండికి ఒక్క పూట పెట్టలేదు. మాతో ఉండే పలాస పెద్దాయనకి ఆయాసం. వ్యాను ఎక్కిన పావుగంటకి దగ్గు మొదలయ్యేది. సైటులో సిమెంటు దుమ్ములో నిలబడితే మాత్రం తగ్గేది. తిరగేసి ఆలోచించాల్సింది మేమే. కానీ, "మావా, కిటికీ పక్కన కూర్చో, మింటు బిళ్ళ చప్పరించు" అని సరిపెట్టాం. ఆయన ఊరు వెళ్ళిపోయాక ఒకరోజు సీటు కింద ఫోన్ పడితే తీయడానికి మ్యాట్ ఎత్తాం. కింద నల్లగా, బొచ్చులా బూజు. ఆయన ఆయాసం ఆ వ్యాను వల్లే అని ఏ డాక్టరూ చెప్పలేదు, మేమూ అనలేం. కానీ ఆ బూజు గాలిని ఏసీ పెట్టుకుని, అద్దాలు ఎత్తుకుని, రోజుకి రెండు గంటలు పీల్చింది మేమే. బండి కంపెనీదే. ఊపిరి ఎవరిది?

ఇంకోటి. నీళ్ళు వచ్చే కన్నంలోంచి పొగ కూడా వస్తుంది. వెనక డోరు బీడింగ్ చచ్చిపోయిన బండి, ఫ్లోరు తుప్పుపట్టిన బండి, సైలెన్సరు పగిలిన బండి అయితే ఆ పొగలోని విషవాయువు లోపలికి చేరుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అంటారు, దానికి వాసన ఉండదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడ చట్టం. ఆ మూడు గంటలు మనవాళ్ళు ఏం చేస్తారు? బండి స్టార్ట్ చేసి, ఏసీ వేసుకుని, అద్దాలు ఎత్తేసి పడుకుంటారు. కొత్త బండిలోనే అది మంచి పని కాదు. ఫ్లోరు కన్నాలు పడ్డ పాత బండిలో తలనొప్పి వస్తే ఎండ దెబ్బ అనుకుని ఇంకా పడుకుంటారు. బండిలో పడుకోకండి. ఏసీ ఉన్న గది అడగండి, లేదా నీడన పడుకోండి.

అడిగితే ఉద్యోగం పోతుందని భయపడేవాళ్ళున్నారు, ఆ భయం అబద్ధం అనం. అందుకే ఒక్కడు అడగొద్దు. మేము మ్యాట్ ఎత్తి ఫోటోలు తీసి, పది మంది కలిసి వెళ్ళి చూపించాం. సెంటు డబ్బా కొనిస్తామన్నారు ముందు. మ్యాట్ ఎత్తి ఉన్న ఫోటో ఇంకోసారి చూపించాం. ఒక శుక్రవారం బండి ఇచ్చారు, ఫెల్టుకి డబ్బులు ఇచ్చారు. పని మేమే చేసుకున్నాం. కూలి ఇవ్వలేదు, అది వేరే గొడవ.

టెక్కలి తమ్ముడూ, వచ్చే శుక్రవారం నమాజుకి ముందే పొద్దున్నే బండి తీసుకుని ఖబూరా వచ్చెయ్. సీటు బోల్టులకి పానాల సెట్టు, పాత తువ్వాళ్ళు, టార్చి పట్టుకోడానికి ఒక మనిషి కావాలి. తోట పైపు మా దగ్గర ఉంది. చేపల పులుసు కూడా ఉంటుంది. సెంటు మాత్రం తేవద్దు.