ప్రయాణములో పాఠాలు: చెట్టు మీది మంచె



ఈ నెల మిమ్మల్ని చాలా దూరము తీసుకొని వెళ్తాను. అమెరికాలో ఉన్న మా అమ్మాయి, అల్లుడు సెలవులకు దక్షిణ అమెరికా ఖండములోని ఈక్వెడార్ దేశము వెళ్తూ, "నాన్నగారూ, మీరూ అమ్మా కూడా రావాలి" అని పట్టుబట్టారు. ఈ వయసులో కొండలేమిటి అనుకున్నాను గాని, ప్రార్థన చేసుకొని బయలుదేరాము. క్షేమముగా వెళ్ళి వచ్చాము. అక్కడ చూచిన వాటిలో ఒకటి మీకు చెప్పకుండా ఉండలేను.

ఆ దేశ రాజధాని కీటో నుండి దక్షిణముగా మూడున్నర గంటల కారు ప్రయాణములో బాన్యోస్ అనే చిన్న పట్టణము ఉన్నది. సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తు. బాన్యోస్ అంటే వారి స్పానిష్ భాషలో స్నానాలు అని అర్థము. ఊరికి ఆ పేరు రావడానికి కారణము వేడి నీటి ఊటలు. తెల్లవారుజామునే ఊరి పెద్దలు, పిల్లలు తువ్వాళ్ళు భుజాన వేసుకొని వాటి దగ్గరకు నడిచి వెళ్తారు. మేమూ వెళ్ళాము. పక్కనే కొండ మీద నుండి చల్లని జలపాతము దూకుతూ ఉంటే, ఇటు పసుపు రంగు నీళ్ళలో నుండి ఆవిరి లేస్తున్నది. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులు మరచిపోయి అరగంట అందులోనే కూర్చున్నది.

ఆ నీటిని కాచే పొయ్యి ఎక్కడున్నదో తెలుసా? ఊరి నెత్తి మీదనే. దాని పేరు తుంగురావా. 5,023 మీటర్ల ఎత్తయిన అగ్నిపర్వతము. వాన నీరు భూమిలోకి ఇంకి, లోపలి వేడికి కాగి, ఖనిజములను కరిగించుకొని ఊటగా పైకి వస్తుంది. ఆ కొండ చిమ్మిన బూడిదే కాలక్రమేణా సారవంతమైన నేలగా మారింది. చుట్టూ వాలులలో మొక్కజొన్న, బంగాళాదుంప పండుతాయి. అంగళ్ళ ముందు కొయ్య మేకుకు తగిలించి చెరకు పాకము సాగదీస్తూ ఉంటే, మన తీర్థాలలో జీళ్ళు లాగే వాళ్ళే గుర్తుకు వచ్చారు.

ఊరు దాటి తూర్పుగా పోయే దారి పొడవునా జలపాతాలే. వాటిలో పెద్దది దాదాపు 80 మీటర్ల ఎత్తు నుండి పడుతుంది. దాని హోరులో పక్క మనిషి మాట వినబడదు. యువతీ యువకులు నడుముకు తాళ్ళు కట్టుకొని వంతెనల మీద నుండి దూకుతారు, రబ్బరు పడవలలో ఏటి సుడులలోకి పోతారు, సైకిళ్ళు తొక్కుకుంటూ లోయలోకి దిగుతారు. మా అల్లుడికి ఉత్సాహము, మా అమ్మాయికి భయము. ఈ దారే ఇంకా కిందికి పోతే షెల్ అనే ఊరు వస్తుంది. 1956 జనవరిలో వావోరానీ అడవి ప్రజల చేతిలో ప్రాణాలిచ్చిన అయిదుగురు మిషనరీల చిన్న విమానానికి స్థావరము ఆ ఊరే. జిమ్ ఇలియట్ పేరు మీలో చాలామంది విని ఉంటారు.

మధ్యాహ్నము అందరూ వెళ్ళే ఒక చోటికి మమ్మల్నీ తీసుకొని వెళ్ళారు. ఊరికి పైన కొండ అంచున ఒక చెట్టు, ఆ చెట్టు మీద కట్టిన చిన్న కొయ్య గది, దాని కొమ్మకు ఉయ్యాల. ఊగితే కాళ్ళ కింద లోయ తప్ప ఏమీ ఉండదు. ప్రపంచము నలుమూలల నుండి వచ్చిన వారు వరుసలో నిలబడి, ఊగి, ఫోటో తీయించుకొని పోతున్నారు. "నాన్నగారూ, మీరు ఎక్కుతారా?" అన్నది అమ్మాయి. నేను ఎక్కలేదు. నా దృష్టి ఆ కొయ్య గది మీద ఉన్నది. అచ్చం మన జొన్నచేలలో పిట్టలను తోలడానికి వేసే మంచెలాగ ఉన్నది. ఇది ఎందుకు కట్టారని అడిగాను. అప్పుడు ఈ సంగతి తెలిసింది.

ఎనభై ఏండ్లు నిద్రపోయిన తుంగురావా 1999లో మేల్కొన్నది. ఆ అక్టోబరులో ప్రభుత్వము ఊరు ఖాళీ చేయమన్నది. బాన్యోస్, చుట్టుపక్కల పల్లెల నుండి సుమారు 25,000 మందిని సైన్యము తరలించింది. వారాలు గడిచాయి. కొండ ఉరుముతూ, బూడిద చిమ్ముతూ ఉన్నది గాని ఊరు మీద పడలేదు. అవతల పశువులు, పంటలు, అంగళ్ళు దిక్కులేక పోయాయి. 2000 జనవరిలో వేలాది మంది సైనికుల అడ్డు తోసుకొని ఇళ్ళకు తిరిగి వచ్చేశారు.

వచ్చారు సరే, బ్రదికేది ఎట్లా? వింత ఏమిటంటే, ఊరిలో నిలబడి చూస్తే ఆ పర్వత శిఖరము కనబడదు. ఊరు దాని పాదములకు మరీ దగ్గర. అందుకని కనబడే చోట్ల కాపలా ఉండడానికి మనుషులు ముందుకు వచ్చారు. చాలామంది రైతులే. జీతము లేదు. ఒక్కొక్కరికి ఒక వైర్‌లెస్ సెట్టు. ప్రతి రాత్రి శాస్త్రవేత్తలు పిలువగా, ఒకరి తరువాత ఒకరు తాము చూచినది, విన్నది చెప్పేవారు. బూడిద పడిందా, చప్పుడు ఎట్లా ఉన్నది, వాగు రంగు మారిందా అని. ఆ కాపలా గుడిసెలలో ఒకటే ఈ చెట్టు మీది మంచె. వచ్చిన వారి సరదా కోసము ఉయ్యాల తరువాత కట్టారు. ఇప్పుడు లోకానికి ఉయ్యాల తెలుసు గాని కాపలా తెలియదు.

2006 ఆగస్టులో కొండ నిజముగానే బద్దలయింది. మండే బూడిద, రాళ్ళు వాలుల వెంట దొర్లి వచ్చాయి. కాపలావారు వైర్‌లెస్‌లో కేక వేసి, ఇంటింటికి వెళ్ళి లేపిన పల్లెలలో జనము ముందుగానే బయటపడ్డారు. కొండకు నైరుతిగా ఉన్న పల్లెలలో మాత్రము కొందరు చనిపోయారు. ఆ తరువాత కూడా 2016 వరకు విడతలు విడతలుగా ఆ పర్వతము రేగుతూనే ఉన్నది. ఇప్పుడు శాంతముగా ఉన్నది. అయినా కొండ ప్రాంతములో అపాయము ఒక్క నిప్పుతోనే రాదు. 2024 జూన్‌లో భారీ వర్షాలకు ఆ జలపాతాల దారిలోనే కొండచరియ విరిగిపడి పలువురు ప్రాణాలు కోల్పోయారు.

ఆ చెట్టు కింద నిలబడి ఇదంతా వింటూ ఉంటే నా కండ్ల ముందు మా కోనసీమ నిలిచింది. 1996 నవంబరు 6. పొద్దుపోయే వేళకు గాలి ముదిరింది. చుట్టుపక్కల వాళ్ళమందరము గట్టి కట్టడమని చర్చిలోకి చేరాము. కొంతసేపటికి మా నాన్నగారు లేచి, "గేదెల పలుపులు విప్పలేదురా" అన్నారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆగండి అన్నాను గాని, చేయి పట్టుకొని ఆపలేదు. పైగా చేతిలో ఉన్న లాంతరు ఇచ్చాను. తెల్లవారి కొబ్బరిచెట్టు కింద ఆయనను చూచాము. గేదెల పలుపులు విప్పి ఉన్నాయి.

ఇన్ని సంవత్సరములుగా ఈ మాట ఈ పత్రికలో వ్రాయలేదు. పశువును ప్రేమించిన రైతును నేను తప్పు పట్టను. బాన్యోస్ చుట్టుపక్కల రైతులు కూడా రాత్రికి వేరేచోట పడుకొని, పగలు తమ పశువుల దగ్గరకు వెళ్ళి వచ్చేవారట. తప్పు ఆయనది కాదు. పలుపులు మధ్యాహ్నమే విప్పాలని గుర్తు చేయవలసినది కొడుకునైన నేను.

ఇప్పుడు తుపాను కబురు రోజుల ముందే అందుతున్నది. ఫోను మ్రోగుతుంది, టీవీ చెబుతుంది. అయితే వీధి చివర ఒంటరిగా ఉన్న ముసలమ్మ గారి తలుపు తట్టేది ఎవరు? మంచము మీదున్న తాతగారిని ఎత్తుకొని వచ్చేది ఎవరు? పశువుల పలుపులు ఏ పూటకు విప్పాలో ముందే ఎంచుకున్నారా? కావలివాడు చూచి కూడా కేక వేయకపోతే ఆ లెక్క ఎవరి మీద పడుతుందో యెహెజ్కేలు 33వ అధ్యాయములో మనము ఎన్నోసార్లు చదివాము. ఈ ఆదివారము ఆరాధన అయిన తరువాత పది నిమిషాలు కూర్చొని, ఏ ఇంటికి ఎవరు వెళ్ళాలో పేర్లు వ్రాసుకోండి. కాగితము చర్చి గోడకు అంటించండి.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మాయి, "అంత దూరము వచ్చి ఉయ్యాల ఎక్కలేదేమిటి నాన్నగారూ?" అన్నది. "మంచె చూచానుగా, చాలమ్మా" అన్నాను.