ఫ్యామిలీకి మాత్రమే!

బదిలీ మీదో, పిల్లల చదువుల కోసమో జిల్లాల నుంచి హైదరాబాద్ చేరే వాళ్ళందరి నోటా ఒకటే మాట: "మంచి ఫ్యామిలీ ఏరియా కావాలి, దగ్గర్లో మంచి స్కూలుండాలి." ఇందులో రాజకీయం ఏముందనేవాళ్ళు ఒక పూట కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో టు-లెట్ బోర్డులు చదువుకుంటూ తిరిగితే చాలు. "ఫ్యామిలీకి మాత్రమే." "శాకాహారులకు మాత్రమే."

ఎవరు ఫ్యామిలీ? విడాకులు తీసుకుని కూతురితో వచ్చిన స్త్రీ కాదు. "మీవారేం చేస్తారు?" అన్నదానికి జవాబు లేకపోతే ఇల్లు ఖాళీ లేదు. "మీరేమిట్లు?" అన్నదానికి దళిత కుటుంబం నిజం చెబితే ఖాళీ లేదు. ముస్లిం పేరు వినబడితే, ఆ ఇల్లు అప్పుడే ఎవరికో ఇచ్చేశారు! ఇవి వేరు వేరు వివక్షలుగా కనిపిస్తాయి గానీ ఓనరు చేసే పని ఒకటే. కులమూ మతమూ నిలిచేది స్త్రీల మీద కాపలాతోనే కాబట్టి, ఆ కాపలా లేని స్త్రీనీ, తమది కాని కులాన్నీ, మతాన్నీ వీధి బయటే ఆపడం. "సేఫ్ ఏరియా" అంటే ఇదే.

చట్టం అడ్డుపడుతుందా? రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో, బావుల దగ్గర వివక్షను నిషేధించింది. అద్దె ఇంటి మాట అందులో లేదు. పార్సీలకే సభ్యత్వమన్న అహ్మదాబాద్ హౌసింగ్ సొసైటీ నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం డిపాజిట్ గురించీ, ఖాళీ చేయించడం గురించీ వివరంగా చెప్పి, వివక్ష దగ్గర మౌనం వహించింది.

ఇక బడి. చుట్టుపక్కల పిల్లలందరూ, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఒకే బడిలో చదవాలని 1966లోనే కొఠారీ కమిషన్ చెప్పింది. మధ్యతరగతి దాన్ని తలకిందులు చేసింది. పొరుగుకి బడి కాదు, బడిని చూసి పొరుగును కొనుక్కోవడం. 2009 విద్యాహక్కు చట్టం 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బళ్ళలో ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు "పొరుగున" ఉన్న పేద, అణగారిన వర్గాల పిల్లలకివ్వాలి. పొరుగున ఇల్లే దొరకని తల్లి ఆ హక్కును ఏ అడ్రసు మీద అడగాలి? ఆ కాలనీలో అంట్లు తోమే ఆమె రెండు బస్సులు మారి వస్తుంది. బడి ఆమె పనిచేసే చోట ఉంది, పిల్లలు ఆమె ఉండే చోట ఉన్నారు.

ఇల్లు దొరికిన స్త్రీ సంగతి? ఇల్లు వెతికేటప్పుడు స్కూలు ఎంత దూరమో లెక్కేస్తారు, ఆమె ఆఫీసు ఎంత దూరమో, చీకటి పడ్డాక బస్సుంటుందో లేదో ఎవరూ లెక్కెయ్యరు. భర్త జిల్లాలోనే ఉద్యోగం చేసుకుంటాడు. ఆమె తన ఉద్యోగం మానుకుని పిల్లలతో నగరంలో కాపురం పెడుతుంది. పొద్దున్నే టిఫిన్ బాక్సులు, స్కూలు బస్సు, హోంవర్కు, ట్యూషను. ఈ జీతం లేని చాకిరీ లేకపోతే "మంచి స్కూలు" ఒక్క వారం కూడా నడవదు. దీనికి మాత్రం త్యాగమని పేరు!

మన సంస్థలూ ఇళ్ళు అద్దెకు తీసుకుంటాయి. స్టాఫ్‌లో ఎవరెవరున్నారని ఓనరు అడిగితే ఏం చెబుతున్నామన్నది కార్యవర్గ సమావేశాల్లో చర్చకు రావాలి. అద్దెలో కులం, మతం, వైవాహిక స్థితి అడగడాన్ని నేరం చెయ్యాలన్న డిమాండు మన మహిళా కమిషన్ వినతిపత్రాల్లో వరకట్నం, గృహహింసల పక్కనే ఉండాలి. ప్రతి ప్రైవేటు బడి గేటు మీదా 25 శాతం సీట్లెన్నో, ఎన్ని నిండాయో బోర్డు పెట్టాలి, టు-లెట్ బోర్డంత పెద్దక్షరాలతో.