ట్రంకు పెట్టెలు తెరవండి

మన మాల, మాదిగ పల్లెల్లో చాలా చోట్ల 'మిలట్రీ వాళ్లిల్లు' అని ఒక ఇల్లుంటుంది. అటక మీద ట్రంకు పెట్టె. అందులో రంగు వెలిసిన రిబ్బను, దానికో బిళ్ల, చిరిగిన డిశ్చార్జి బుక్కు, బర్మా నుంచో బస్రా నుంచో తెచ్చిన మగ్గో రగ్గో. తాత కథలు మాత్రం పెట్టెలో లేవు, అవ్వ నోట్లో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. అప్పటి ఇరవై ఏళ్ల కుర్రోడు ఇవాళ ఉంటే నూరేళ్లు దాటినోడు. ఇక ఎన్నాళ్లు ఆగుతాం?

దొరల గడీలో తుప్పు పట్టిన కత్తి చరిత్రట. మన పెట్టెలో బిళ్ల పాత సామానట. కంసాలి తూకమేసి కరగబెట్టుకుంటాడు.

1818 జనవరి 1న కోరేగావ్ దగ్గర పీష్వా సైన్యంతో పోరాడి చచ్చిన మహర్ సిపాయిల పేర్లు అక్కడి స్తంభం మీద ఉన్నాయి. పేర్లు మిగిలాయి కనుకనే 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడ నిలబడి మన వాళ్లకు వాళ్ల చరిత్ర చూపించగలిగాడు. ఆయన నాన్న రాంజీ సక్పాల్ సుబేదారు, పటాలం బడిలో పంతులు. ఊరి బడి తలుపు మూస్తే పటాలం బడి తెరిచింది. తెల్లోడు మంచోడని కాదు. 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకుని ఆ తెల్లోడే మహర్లను గెంటేశాడు. 1917లో అవసరమొచ్చి 111వ మహర్ పటాలం పెట్టాడు, 1921లో ఎత్తేశాడు. 1941లో మళ్లీ మహర్ రెజిమెంటు. 1943లో చమార్ రెజిమెంటు పెట్టి కోహిమాలో పోరాడించి, 1946లో రద్దు చేశాడు. అక్కరుంటే రా, తీరితే పో!

మొదటి యుద్ధం పతకాలు చూడండి. సిపాయికిచ్చిన యుద్ధ పతకం వెండిది. మూటలు మోసి రోడ్లేసిన లేబర్ కోర్ కూలీలకిచ్చింది కంచుది. రాజు తలకాయ ఒకటే, లోహం వేరు. బరేలీ నుంచి పోయిన సుఖా అనే సఫాయి పనివాడు 1915 జనవరిలో ఇంగ్లండులో చనిపోయాడు. అంటరానోడని హిందువులు దహనానికి ఒప్పుకోలేదనీ, ముస్లిం శ్మశానంలోనూ చోటు దొరకలేదనీ అక్కడ చెప్పుకుంటారు. చివరికి బ్రాకెన్‌హర్స్ట్ ఊరి చర్చి వాళ్లు తమ ఆవరణలో పూడ్చి, చందాలేసుకుని రాయి నిలబెట్టారు. సముద్రం దాటినా కులం వెంటే పోయింది.

తెల్లదొర యుద్ధం మనకెందుకని కొందరు మిత్రులు అడుగుతున్నారు. యుద్ధాన్ని పొగడమని మేం అనడం లేదు. ఊరి వీధిలో చెప్పులేసుకోనివ్వని మనిషి కాళ్లకు బూట్లొచ్చాయి. సెలవుకొచ్చినప్పుడు ఆ బూట్లతో రచ్చబండ ముందు నడిచాడా? నడవనిచ్చారా? తుపాకీ పట్టినోడికి హోటల్లో ఏ గ్లాసిచ్చారు? మనియార్డరు వస్తే ఉత్తరం ఎవరు చదివిపెట్టారు, అవ్వ దగ్గర ఎంత నొక్కేశారు? ఇవి అడగండి. ఏ మ్యూజియంలోనూ ఈ జవాబులు లేవు.

2008లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మొదటి యుద్ధం నాటి వస్తువుల సంగతి చెప్పమని జనాన్ని అడిగింది. నాలుగు నెలల్లో 6,500కు పైగా వచ్చాయి. వాళ్లు వస్తువులు గుంజుకోలేదు. ఫోటో తీసి, కథ రాసుకుని, వస్తువు ఇంటికే వదిలేశారు. మన కార్యకర్తలూ అట్లాగే చేయాలి. పతకం అంచు చుట్టూ నెంబరు, పేరు, పటాలం ఉంటాయి, అది కూడా ఫోటో తియ్యండి. చింతపండు పెట్టి తోమొద్దు, అక్షరాలు అరుగుతాయి. కథ ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాయండి. సిపాయిలనే కాదు, వంటవాళ్లు, చెప్పులు కుట్టినోళ్లు, పాయఖానాలు ఎత్తినోళ్లు అందరినీ రాయండి. మనిషి తిరిగి రాని ఇళ్లుంటే, రంగూన్ స్మారకం మీద సుమారు 27,000 పేర్లున్నాయి, ఎక్కువ మంది మన దేశం వాళ్లే. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో పేరు వెతికిపెట్టండి.

ఇంకొక్క సంగతి. పెన్షన్ లేని రెండో యుద్ధం సైనికుల భార్యలకు నెల నెలా సాయం చేసే పథకం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెట్టారు. దానికి డిశ్చార్జి బుక్కు కావాలి. అది ఎలకల పాలు కాకముందే జిరాక్సు తీయించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి అవ్వను తీసుకుపోండి.

ముందు ముసలమ్మలున్న ఇళ్లకు వెళ్లండి.